విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇంటి సెప్టిక్ ట్యాంకుకు అనుమతి పొందే విధానం

కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి సెప్టిక్ ట్యాంకు అనుమతి విడిగా చేతికి వచ్చే కాగితం కాదు. ఇంటి ప్లానులో ట్యాంకును, దాని నుంచి వెలుపలికి వచ్చే నీటి దారిని చూపించి, ఆ ప్లానుకు ఆమోదం పొందితే ట్యాంకుకు కూడా ఆమోదం దొరికినట్లే. విడిగా దరఖాస్తు లేకపోవడం వల్లనే చాలామంది దీన్ని మేస్త్రీ చూసుకునే పనిగా వదిలేస్తారు. ప్లాను గీసేవారు ఇంటి వెనుక మూలన ఒక చిన్న గడి గీసి, అందులో రెండు అక్షరాలు రాసి ఊరుకుంటారు. గొయ్యి తవ్వే రోజున మూడడుగులకే నీరు ఊరినప్పుడో, పక్కింటివారు గోడ అవతలి నుంచి అభ్యంతరం చెప్పినప్పుడో ఆ గడి సంగతి అందరికీ గుర్తుకు వస్తుంది.

దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసిన అసలు విషయం ట్యాంకు కొలతలు కాదు, ట్యాంకు దాటిన నీరు ఎక్కడికి పోతుందన్నది. సెప్టిక్ ట్యాంకులో మురుగు పూర్తిగా శుద్ధి కాదు. బరువైన పదార్థం అడుగుకు చేరి కుళ్లుతుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, నడుమ నిలిచిన నీరు గొట్టం ద్వారా బయటికి పోతుంది. చూడటానికి కాస్త తేటగానే ఉన్నా ఆ నీటిలో రోగకారక క్రిములు ఉంటాయి. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరి అతిసారం ప్రబలి పలువురు మరణించారు. అది ఒక ఇంటి ట్యాంకు వల్ల జరిగినది కాకపోయినా, మురుగునీరు, మంచినీరు ఒకే వీధిలో పక్కపక్కన ప్రవహించే ఊళ్లలో ఈ విషయాన్ని ఎంత జాగ్రత్తగా చూడాలో అది చెబుతుంది.

మొదటి పని: మీ వీధిలో డ్రైనేజీ లైను ఉందా

భూగర్భ డ్రైనేజీ లైను మీ వీధిలో పనిచేస్తూ ఉంటే సెప్టిక్ ట్యాంకు ఆలోచనే అక్కర్లేదు. నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగంలో డ్రైనేజీ కనెక్షనుకు దరఖాస్తు చేసుకోవాలి. విజయవాడలో ఆటోనగర్, అజిత్‌సింగ్‌నగర్, రామలింగేశ్వరనగర్, జక్కంపూడిలలో మురుగునీటి శుద్ధి కేంద్రాలున్నాయి కనుక పాత నగరంలో చాలా వీధులకు ఈ అవకాశం ఉంది. గుంటూరులో భూగర్భ డ్రైనేజీ పథకం ఏళ్ల తరబడి సాగుతూ వస్తోంది. రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత కనిపించినంత మాత్రాన ఆ లైను శుద్ధి కేంద్రం దాకా కలిసిందని అనుకోకూడదు. వార్డు సచివాలయంలోని ఎమినిటీస్ కార్యదర్శిని, అంటే నీరు, డ్రైనేజీ వంటి సదుపాయాలు చూసేవారిని అడిగి, లైను వాడుకలో ఉన్నదీ లేనిదీ రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. లైను ఇంకా వాడుకలోకి రాలేదంటే సెప్టిక్ ట్యాంకు కట్టుకోవాలి. అయితే రేపు లైను వచ్చినప్పుడు సులువుగా కలపడానికి వీలుగా, బయటికి పోయే గొట్టం వీధి వైపు తిరిగేలా ప్లానులో ఇప్పుడే ఏర్పాటు చేసుకుంటే తర్వాత గచ్చు పగలగొట్టే పని తప్పుతుంది.

తర్వాత, స్థలం ఎవరి పరిధిలో ఉందో చూసుకోవాలి. విజయవాడ, గుంటూరు, మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థల్లో వాటి టౌన్ ప్లానింగ్ విభాగాలు అనుమతి ఇస్తాయి. కానూరు, పోరంకి, యనమలకుదురు వంటి ఒకప్పటి పంచాయతీలు ఇప్పుడు తాడిగడప మున్సిపాలిటీలో ఉన్నాయి. గ్రామ పంచాయతీ పరిధిలోని స్థలమైతే పంచాయతీ కార్యదర్శిని ముందుగా కలవాలి. రాజధాని ప్రాంతంలోని పంచాయతీల్లో పెద్ద నిర్మాణాలకు రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) ఆమోదం కూడా అవసరమవుతుంది. శివార్లలో పంచాయతీలు కార్పొరేషన్లలో కలవడం తరచూ జరిగే మాట కనుక, దస్తావేజులో రాసి ఉన్న గ్రామం పేరును నమ్ముకోకుండా ప్రస్తుత పరిధిని సచివాలయంలో నిర్ధారించుకోవాలి.

రెండవ పని: నేలను పరీక్షించుకోవడం

ఈ పని అనుమతి తర్వాత చేసేది కాదు, ప్లాను గీయించడానికి ముందు చేయవలసినది. సెప్టిక్ ట్యాంకుల నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2470 అనే నియమావళిని రెండు భాగాలుగా ప్రచురించింది: మొదటిది ట్యాంకు గురించి, రెండవది ట్యాంకు నుంచి వచ్చే నీటిని ఏం చేయాలన్న దాని గురించి. మేస్త్రీలకు మొదటి భాగంలోని కొలతలు అలవాటుగా తెలిసి ఉంటాయి. రెండవ భాగాన్ని పట్టించుకునేవారు అరుదు.

ఆ రెండవ భాగం ప్రకారం ముందు చూడవలసినది భూగర్భ జలమట్టం. నేలకు 180 సెంటీమీటర్ల లోపే, అంటే సుమారు ఆరడుగుల లోపే నీరు ఉంటే మామూలు సోక్ పిట్, అంటే ట్యాంకు దాటిన నీటిని నేలలోకి ఇంకించే గొయ్యి, పనికిరాదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల వెంబడి ఉన్న కాలనీల్లోనూ, బుడమేరు పరీవాహక ప్రాంతమైన సింగ్‌నగర్ వైపునా ఈ చిక్కు ఎక్కువ. జలమట్టాన్ని ఏ నెలలో చూస్తున్నామన్నది కూడా ముఖ్యం. వేసవిలో కాలువలు కట్టేసిన తర్వాత గొయ్యి తవ్వితే ఎనిమిదడుగులకు కూడా తడి తగలకపోవచ్చు. అదే గొయ్యిలో కాలువలు వదిలి, వానలు పడిన తర్వాత, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూడు నాలుగు అడుగులకే నీరు కనిపించవచ్చు. ఇల్లు కట్టేది వేసవిలోనైనా లెక్కించవలసినది వానాకాలపు మట్టాన్నే. వానాకాలం దాకా ఆగే వీలు లేనివారు చుట్టుపక్కల పాత బావుల గోడల మీద నీటి చారలను చూసి, వాటి యజమానులను అడిగి ఒక అంచనాకు రావచ్చు.

జలమట్టం లోతుగానే ఉన్నదనుకుంటే తర్వాతిది ఇంకుడు పరీక్ష. సోక్ పిట్ పెట్టదలచిన చోట, దాని లోతు దాకా, 10 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పున నిట్టనిలువు గోడలతో ఒక గొయ్యి తీయాలి. పలుగు తగిలి గోడలు మెత్తినట్లు నున్నగా అవుతాయి కనుక, వాటిని కత్తి మొనతో గీకి, రాలిన మట్టిని తీసివేసి, అడుగున 5 సెంటీమీటర్ల మందాన ముతక ఇసుకో సన్న కంకరో పరచాలి. ఆపైన కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తున నీరు నింపి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు గొయ్యిలో నీరు మిగిలి ఉంటే, కంకర మీద 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో కొలవాలి. నీరంతా ఇంకిపోయి ఉంటే మళ్లీ 15 సెంటీమీటర్లు పోసి, నాలుగు గంటల పాటు అరగంటకొకసారి కొలుస్తూ, చివరి అరగంటలో దిగిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. ఆ లెక్కతో 25 మిల్లీమీటర్ల నీరు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కట్టుకోవాలి. 30 నిమిషాల లోపైతే సోక్ పిట్ వాడవచ్చు. 30 నుంచి 60 నిమిషాల మధ్య అయితే గొయ్యి సరిపోదు; చిల్లుల గొట్టాలు, కంకర పరచిన నిడుపాటి కందకాలు కావాలి. 60 నిమిషాలు దాటితే ఆ నేలలోకి నీరు ఇంకించే ఆలోచన వదులుకోవాలి.

రాత్రంతా నానబెట్టడం దండగ అనిపించవచ్చు గానీ, గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో ఆ ఒక్క మెట్టు మానేస్తే పరీక్ష మొత్తం తారుమారవుతుంది. ఎండిన రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది కనుక పోసిన నీరు క్షణాల్లో మాయమై, నేల బ్రహ్మాండంగా పీలుస్తోందన్న భ్రమ కలుగుతుంది. తడిసిన తర్వాత అదే రేగడి ఉబ్బి నెర్రెలు మూసుకుని, నీటిని లోనికి పోనివ్వదు. వేసవిలో కట్టిన సోక్ పిట్‌లు మొదటి వానాకాలంలోనే పొంగడానికి ఇది ఒక ప్రధాన కారణం. మొగల్రాజపురం, వన్‌టౌన్ కొండ ప్రాంతపు ఇళ్లలో మట్టి పొర పలచగా ఉండి కింద రాయి తగులుతుంది. అక్కడ నీరు రాతి పగుళ్ల వెంట దిగువ ఇళ్ల గోడల్లో తేలుతుంది కనుక సోక్ పిట్ వేయకపోవడమే మంచిది.

బోరు, ప్రహరీ, వాస్తు

తాగునీటి బావికి, బోరుకు సోక్ పిట్ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలనీ, నివాస గృహానికి 6 మీటర్ల కన్నా దగ్గరగా ఉండకూడదనీ ప్రమాణం చెబుతుంది. ఈ రెండు దూరాలనూ మన స్థలాల మీద పెట్టి చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది.

తూర్పు పడమరలు 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45 అడుగులు ఉన్న 150 గజాల స్థలాన్ని తీసుకుందాం. ఇలాంటి స్థలాలే ఈ రెండు నగరాల శివార్లలో ఎక్కువ. బోరు ఈశాన్యంలో వేయిస్తారు. సెప్టిక్ ట్యాంకును వాయవ్యంలో పెట్టమని వాస్తు చెప్పేవారు సూచిస్తారు. ఈ రెండు మూలల మధ్య దూరం 30 అడుగులు, అంటే సుమారు 9 మీటర్లు. పోనీ మూల నుంచి మూలకు ఏటవాలుగా కొలిచినా 54 అడుగులు, పదహారున్నర మీటర్ల లోపే. అంటే ఆ స్థలంలో ఏ రెండు చోట్ల మధ్యనూ 18 మీటర్లు దొరకవు. దీనికి తోడు మరొక విషయం ఉంది. మీ వాయవ్య మూల పడమటి ఇంటివారి ఈశాన్య మూలకు ఆనుకుని ఉంటుంది. వారు కూడా వాస్తు ప్రకారమే బోరు వేసుకుని ఉంటే, మీ ట్యాంకుకూ వారి బోరుకూ నడుమ ఉండేది ప్రహరీ గోడ ఒక్కటే. ఇద్దరూ నియమం తప్పకుండా చేసిన పనే ఇద్దరికీ తగువు తెచ్చిపెడుతుంది. వాస్తును పాటించేవారిని మానమని చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ప్లాను గీయించే ముందు మీ స్థలంలోని బోరునే కాక, ఇరుగుపొరుగు బోర్లన్నిటినీ ఒక కాగితం మీద గుర్తించి, టేపుతో దూరాలు కొలిచి రాసుకోమని చెప్పడం మాత్రం దీని పనే.

దూరం చాలనప్పుడు సోక్ పిట్‌ను ప్లాను నుంచి తీసివేయడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. దాని బదులు నీరు కారని ట్యాంకు కట్టి, దాని తర్వాత కంకర నింపిన వడపోత గదిని చేర్చవచ్చు. ఇందులో నీరు అడుగు నుంచి ప్రవేశించి, కంకర గుండా పైకి ఎక్కి వెలుపలికి వస్తుంది. కంకరకు పట్టిన సూక్ష్మజీవుల పొర మురుగును మరికొంత విరగగొడుతుంది. ఆ నీరు ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఇంజనీరింగ్ విభాగంతో ముందే మాట్లాడి, వారు చూపిన దారినే ప్లానులో గీయించాలి. వీధి పక్క కాలువలోకి ట్యాంకు గొట్టం వదిలేయడం ఊళ్లో మామూలైపోయినంత మాత్రాన అది అనుమతి కాదు. ఫిర్యాదు వచ్చిన రోజున గొట్టానికి బిరడా కొట్టించుకోవలసి వస్తుంది. ఇక బోరునీటిని తాగడానికి, వంటకు వాడకుండా కుళాయి నీటికే పరిమితం కావడం ఇరుకు స్థలాల్లో తప్పనిసరి జాగ్రత్త.

వాననీటి కోసం తవ్వే ఇంకుడు గుంత కూడా ప్లానులో ఉండాలి. ట్యాంకు నుంచి పొంగిన నీటిని తెచ్చి ఆ గుంతలో కలపడం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. వాననీటిని భూమిలోకి వేగంగా దింపడానికి చేసిన గుంత అది. దాంట్లో మురుగు కలిపితే వీధి మొత్తం బోర్లకు దారి వేసినట్లవుతుంది. రెండింటినీ ప్లానులో వేర్వేరు చోట్ల, వేర్వేరు పేర్లతో చూపించాలి.

కొలతలు

ట్యాంకు కొలత ఇంట్లో ఇప్పుడున్న మనుషులను బట్టి కాక, ఇల్లు పూర్తయ్యాక ఉండబోయేవారిని బట్టి నిర్ణయించాలి. పైన ఒక వాటా అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే వారినీ కలపాలి. ఐఎస్ 2470 పట్టిక ప్రకారం ఐదుగురికి 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, ఏడాదికొకసారి శుభ్రం చేయించేటట్లయితే 1 మీటరు నీటి లోతు సరిపోతుంది. పదిమందికి 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు కావాలి. రెండేళ్లకొకసారి శుభ్రం చేయించాలనుకుంటే నీటి లోతు 1.4 మీటర్లు ఉండాలి. నీటి మట్టానికి పైన కప్పు దాకా కనీసం 30 సెంటీమీటర్ల ఖాళీ విడవాలి కనుక, పదిమంది ట్యాంకు లోపలి లోతు మొత్తం 1.7 మీటర్లవుతుంది. ఇందులో పట్టే నీరు సుమారు 2,500 లీటర్లు. 2,000 లీటర్లు దాటిన ట్యాంకును రెండు గదులుగా విడదీయాలి. నడిమి గోడను నీరు వచ్చే వైపు నుంచి మూడింట రెండు వంతుల పొడవు దగ్గర కట్టాలి.

నీరు బయటికి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టం కన్నా 5 సెంటీమీటర్లు దిగువన ఉండాలి; తెట్టు బయటికి పోకుండా రెండింటికీ టీ ఆకారపు ముక్కలు బిగించాలి. గాలి గొట్టం కనీసం 50 మిల్లీమీటర్లది వేసి, పైన దోమలు దూరకుండా జాలీ కట్టాలి. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే, అంటే మన స్థలాల్లో దాదాపు ఎప్పుడూ, ఆ గొట్టం ఇంటి పైకప్పుకు 2 మీటర్లు ఎత్తున ముగియాలి. ఈ వివరాలన్నీ ప్లానులో ఒక నిలువు కోతచిత్రంగా గీయించడం మంచిది. అడుగున గచ్చు లేకుండా సిమెంటు వరలు దించి దాన్ని సెప్టిక్ ట్యాంకు అనడం ఊళ్లలో పరిపాటి. నిజానికి అది ట్యాంకు కాదు, మలాన్ని నేరుగా నేలలోకి వదిలే గొయ్యి. ప్లానులో ట్యాంకు చూపించి నేలలో వరలు దించడం అనుమతిని ఉల్లంఘించడమే.

దరఖాస్తు నడిచే తీరు

భవన నిర్మాణ అనుమతులకు ఆధారం 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు, ఆ తర్వాత వాటికి చేసిన సవరణలు. దరఖాస్తు ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వెళ్తుంది. లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణులు, అంటే అందరూ ఎల్‌టీపీ అని పిలిచేవారు, డ్రాయింగును నిర్ణీత పద్ధతిలో తయారు చేసి అప్‌లోడ్ చేస్తారు. ఎల్‌టీపీని ఎంచుకునేటప్పుడు ఆ లైసెన్సు ప్రస్తుతం అమలులో ఉందో లేదో చూసుకోవాలి. పోర్టల్‌లో నమోదయ్యే ఫోన్ నంబరు యజమానిదే కావాలని పట్టుబట్టాలి. లోపాలేవైనా ఉన్నాయని కార్యాలయం పంపే సందేశాలు ఆ నంబరుకే వస్తాయి. మధ్యవర్తి నంబరు ఇచ్చినవారికి తమ దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియక కాలం గడిచిపోతుంది.

జతచేయవలసిన పత్రాల్లో రిజిస్టరు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ (స్థలం మీది తాకట్టులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు, లేఅవుట్ ఆమోదం నకలు లేదా క్రమబద్ధీకరణ ఉత్తర్వు, ఆధార్, స్థలం ఫొటోలు, స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం వంటివి ఉంటాయి. దస్తావేజులోని కొలతలకూ నేల మీది కొలతలకూ తేడా ఉంటే ముందే సరిచేసుకోవాలి. పది అంగుళాల తేడా కూడా ట్యాంకును గోడ కిందికి నెట్టగలదు. ఫీజుల లెక్క పోర్టలే చూపిస్తుంది. సొంత నివాసానికి నిర్ణీత పరిమితికి మించిన వ్యయంతో కట్టే ఇంటికి నిర్మాణ వ్యయాన్ని బట్టి కార్మిక సెస్సు కూడా ఉంటుంది.

వీటితో పాటు, ఎవరూ అడగకపోయినా, రెండు కాగితాలు జతచేయమని నా సలహా. ఒకటి ఇంకుడు పరీక్ష ఫలితం: తేదీ, గొయ్యి లోతు, జలమట్టం, నిమిషాల లెక్క, ఎల్‌టీపీ సంతకం. రెండవది ఇరుగుపొరుగు బోర్ల దూరాలు చూపే చిత్రం. తనిఖీకి వచ్చిన అధికారికి వీటి వల్ల పని తేలికవుతుంది. రేపు పక్కింటివారితో వివాదం వస్తే మీరు ఏ ఆధారంతో కట్టారో చూపడానికి పనికొస్తాయి.

18 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని, ఎల్‌టీపీ ఇచ్చే స్వీయ ధ్రువీకరణతో అనుమతి పొందే పథకాన్ని ప్రభుత్వం 2025లో తెచ్చింది. దీనివల్ల కార్యాలయం చుట్టూ తిరిగే పని తగ్గినా, యజమాని బాధ్యత మాత్రం పెరిగింది. తనిఖీ అధికారి పట్టుకోవలసిన తప్పును ఇప్పుడు మీరే పట్టుకోవాలి. తర్వాత తనిఖీలో తేలితే, నిబంధనల ప్రకారమే ఉందని సంతకం చేసినది మీరే అవుతారు. అందుచేత సంతకం పెట్టే ముందు డ్రాయింగును తెరిచి, ట్యాంకు గడి ఎక్కడుందో, దాని నుంచి గీత ఎటు పోతోందో కళ్లారా చూసుకోవాలి. గీత ఎటూ పోకుండా గడి దగ్గరే ఆగిపోతే ప్లానును వెనక్కి పంపాలి.

ఉన్న ఇంటికి కొత్తగా ట్యాంకు కట్టుకోవడం

పాత ఇంట్లో ట్యాంకు పాడైనప్పుడు, లేదా వరల గొయ్యి తీసేసి సరైన ట్యాంకు కట్టదలచినప్పుడు, ఇంటి ప్లాను మొత్తం మళ్లీ పెట్టాలా అన్న సందేహం వస్తుంది. ముందుగా వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, పనిని వివరించి, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అవసరమైన అనుమతి ఏదో వారే చెబుతారు. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. అర్జీ ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, ఫలానా వార్డు, ఫలానా వీధి, ఇంటి నంబరు ఫలానా గల గృహ యజమాని సమర్పించు అర్జీ. మా ఇంటికి భూగర్భ డ్రైనేజీ సదుపాయం లేదు. ప్రస్తుతం వాడుకలో ఉన్న వరల గొయ్యి నిండి పొంగుతున్నందున, దానిని పూడ్చి, పదిమంది వాడకానికి సరిపడే రెండు గదుల సెప్టిక్ ట్యాంకును ఐఎస్ 2470 ప్రకారం మా స్థలంలోనే నిర్మించదలచినాము. ట్యాంకు స్థానము, కొలతలు, వెలుపలికి వచ్చు నీటి మార్గము, సమీపంలోని బోర్ల దూరములు చూపు చిత్రమును జతచేసినాము. స్థలమును తనిఖీ చేయించి, తగిన అనుమతి మంజూరు చేయవలసినదిగా కోరుచున్నాము. జతపరచినవి: దస్తావేజు నకలు, ఇంటిపన్ను రసీదు, స్థల చిత్రము."

గొట్టం రోడ్డును దాటవలసి వస్తే రోడ్డు తవ్వకానికి విడిగా అనుమతి, దానికి రుసుము ఉంటాయి. అపార్టుమెంట్లలో సంఘం తీర్మానం నకలు కూడా జతచేయాలి. పల్లెల్లో స్థలం విశాలంగా ఉంటే సెప్టిక్ ట్యాంకుకు బదులు రెండు గుంతల మరుగుదొడ్డి చౌకగానూ మెరుగ్గానూ ఉంటుంది. అర్హులైన కుటుంబాలకు స్వచ్ఛ భారత్ గ్రామీణ పథకం కింద 12,000 రూపాయల సాయం ఉంది కనుక, గ్రామ సచివాలయంలో ఆ సంగతి కూడా అడగాలి.

కట్టేటప్పుడు, కట్టిన తర్వాత

అనుమతి వచ్చాక గొయ్యి తవ్వే ముందు ఆమోదం పొందిన ప్లాను నకలును మేస్త్రీకి ఇచ్చి, ట్యాంకు చోటును సున్నంతో గీయించాలి. జలమట్టం పైకి ఉన్న చోట ఖాళీ ట్యాంకు నేలలోంచి పైకి తేలే ప్రమాదం ఉంది. 3,000 లీటర్ల చోటు ఆక్రమించే ట్యాంకును చుట్టూ ఉన్న నీరు సుమారు మూడు టన్నుల బలంతో పైకి తోస్తుంది. తేలికైన ప్లాస్టిక్ ట్యాంకులు వానాకాలంలో లేచిపోవడానికి కారణం ఇదే. అలాంటి చోట కాంక్రీటు అడుగు వేసి దానికి బిగించాలి. వానాకాలంలో దాన్ని పూర్తిగా ఖాళీ చేయించకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన కాలనీల్లో ఇల్లు కట్టేవారు ట్యాంకు మూతలను చుట్టుపక్కల నేల కన్నా ఎత్తులో, నీరు దూరని విధంగా పెట్టించుకోవాలి.

ప్లాస్టరింగు ఆరిన తర్వాత ట్యాంకును నీటితో నింపి ఒక రోజు వదిలి, మట్టం తగ్గిందేమో చూడాలి. ఆ నీటిని తోడేయకుండా అలాగే ఉంచి, బాగా పనిచేస్తున్న మరో ట్యాంకు నుంచి కొద్దిగా అడుగు మడ్డి తెప్పించి కలిపితే కుళ్లే ప్రక్రియ త్వరగా మొదలవుతుంది. పూడ్చకముందే టేపు పెట్టి కొలతలు కనిపించేలా ఫొటోలు తీసుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు, అంటే ఇంట్లో చేరడానికి ఇచ్చే ధ్రువపత్రానికి వెళ్లేటప్పుడు, నేల కింద ఉన్న దాన్ని చూపడానికి ఇంతకు మించిన ఆధారం ఉండదు. మూతల మీద టైల్స్ పరిచేయడం, వాటి మీద తులసికోట కట్టడం, కారు షెడ్డు వేయడం వంటివి చేయకూడదు. మడ్డి తోడే వాహనం గొట్టం మూత దాకా చేరగలగాలి.

ట్యాంకు కొలతను లెక్కగట్టిన గడువు ప్రకారం, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మడ్డి తోడించాలి. నగరపాలక సంస్థలో నమోదైన వాహనాలనే పిలవాలి; సఫాయిమిత్ర సహాయవాణి 14420 ద్వారా కూడా అడగవచ్చు. రక్షణ పరికరాలు, భద్రతా జాగ్రత్తలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. తొలిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పిలిచినవాడే దిగుతానన్నా, కూలి తక్కువ పడుతుందన్నా ఒప్పుకోకూడదు. ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు మూత తెరిచిన కొన్ని క్షణాల్లోనే మనిషిని కూలదోస్తుంది. కాపాడబోయి దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. తోడించిన ప్రతిసారీ వాహనం నంబరు, తేదీ ఉన్న రసీదు అడిగి తీసుకుని, ఆమోదం పొందిన ప్లాను, ఇంకుడు పరీక్ష కాగితం, ట్యాంకు ఫొటోలు ఉన్న ఫైలులోనే దాన్నీ పెట్టుకోవాలి. ఇల్లు అమ్మే రోజున కొనేవారికి ఆ ఫైలునే ఇవ్వాలి.